పేరు పెట్టి పిలవమన్న సుబేదారు గారు

సుబేదారు గారు పోయారని వినాయక చవితి మర్నాడు బందరు బస్సు కండక్టరు చెప్పాడు. బస్సు దిగకుండానే, మెట్టు మీద నిలబడి చెప్పాడు.

"మీ ఊళ్ళో ప్రాక్టీసు చేయించే మిలట్రీ సాయిబు గారు పోయారండీ. రాత్రి గుండె నొప్పి వచ్చిందట. మధ్యాహ్నం నమాజు అయ్యాక తీసుకెళ్తారంట."

పోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదంటారు. నేను పెట్టుకున్నాను. ఉప్పెన వచ్చిన మరుసటేడు నుంచీ ఆయన మీద నాకు కోపం ఉంది. అందరి ముందూ మా ఊరి ఆడవాళ్ళ చేత మొగుళ్ళ పేర్లు పలికించారు. అంతకంటే పెద్ద సంగతి, మా అన్న చావును తీసుకొచ్చి మా వదిన నాలుక మీద పెట్టారు. ఆ మాట ఆయన మొహం మీదే అన్నాను. ఆయన లేడని ఇప్పుడు వెనక్కి తీసుకోను. కానీ ఈ ముక్కలు రాయడానికి కూర్చున్నది ఆయన కోసమే. నేను చదువుకున్నవాణ్ణి కాను. అక్షరాలు కూడబలుక్కుంటూ రాస్తున్నాను. తప్పులుంటే పత్రిక వాళ్ళు దిద్దుకుంటారు. సంగతి మాత్రం దిద్దవద్దు.

మా ఊరు నాగాయలంక అవతల, సముద్రం వైపు. ఉప్పెన ఎలా వచ్చిందో, ఎంతమందిని తీసుకెళ్ళిందో మీ అందరికీ తెలుసు. మా ఇంట్లో ఏం జరిగిందో అంతవరకే చెబుతాను. పొద్దువాలే వేళకు గాలి గోడలను నెట్టడం మొదలుపెట్టింది. ఆ తర్వాత నీళ్ళు నడుచుకుంటూ రాలేదు, లేచి వచ్చాయి. నేనూ, మా ఆవిడా, మా వదినా ఒక తాడిచెట్టు మొదలు పట్టుకుని బతికాం. మా అన్న మా కళ్ళ ముందే ఇంటి కప్పుతో పాటు కొట్టుకుపోయాడు. కప్పు మీద కూర్చుని, మా వైపు చెయ్యి ఊపాడు. రమ్మన్నాడో, వద్దన్నాడో తెలియలేదు.

మర్నాడు కాక ఆ మర్నాడు మిలట్రీ వాళ్ళు పడవలేసుకుని వచ్చారు. మా వదినను ఒక పడవలో ఎక్కించుకుని మడ అడవి వైపు వెతకడానికి వెళ్ళారు. ఆ పడవలో ఉన్న జవాన్లకు తెలుగు రాదు. పిలవమన్నట్టు చేత్తో సైగ చేశారట. ఆవిడ పిలిచింది.

"ఏవండీ! ఏవండోయ్!"

తాటి తోపులోంచి ఎవరో పలికారు. పడవ అటు తిప్పారు. అక్కడున్నది మా అన్న కాదు, పక్క ఊరి మనిషి. ఆయన భార్య కూడా ఆయన్ను అలాగే పిలుస్తుంది కాబట్టి పలికాడు. ఆయన కాలు విరిగి ఉంది, ఒడ్డుకు చేర్చాలి. పడవ తిరిగొచ్చేసరికి చీకటి పడింది. మర్నాడు పొద్దున మడ చెట్ల కొమ్మల్లోంచి మా అన్నను దించారు. తలగుడ్డతో నడుము కొమ్మకు కట్టుకుని ఉన్నాడు. ఒళ్ళు ఇంకా బిగుసుకోలేదు. అప్పటికి ఎన్నో శవాలను ఎత్తిన జవాన్లు అది చూసి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేనూ చూశాను.

సుబేదారు గారిని మొదట చూసింది ఆ రోజే. పొడుగాటి మనిషి, నెరిసిన మీసం, మోకాళ్ళ దాకా బురద. బడి అరుగు మీద కూర్చుని పోయినవాళ్ళ పేర్లు అడిగి రాసుకుంటున్నారు. బందరు మనిషి కావడంతో మాతో మాట్లాడే పని ఆయనకు పెట్టారు.

"ఆయన పేరేంటమ్మా?" అని మా వదినను అడిగారు.

"రాములోరి తమ్ముడి పేరండి."

ఆయన చెయ్యి ఆగిపోయింది. తలెత్తి మా వదిన వంక చూశారు. "పడవలో కూడా ఆ పేరు పిలవలేదా తల్లీ?" అన్నారు మెల్లగా.

మా వదిన తల అడ్డంగా ఊపింది. లక్ష్మయ్య అని నేనే చెప్పాను.

ఏడాది తిరక్కముందే, వానలు పడేలోపు, ఆయన మళ్ళీ వచ్చారు. గుడివాడ మీదుగా వచ్చిన లారీలు, జీపులు, పైన బోర్లించిన పడవలు. మా ఊళ్ళో ఎవరికీ ముందు కబురు లేదు. మిలట్రీ వాళ్ళు వచ్చారంటే మాకు ఒకటే అర్థం. పోయినసారి ఉప్పెన తర్వాత వచ్చారు, ఈసారి వాళ్ళకు ముందే తెలిసి వచ్చారనుకున్నాం. లారీలు చెరువు గట్టు దగ్గర ఆగేలోపు ఊరు కాలువ గట్టెక్కింది. పొయ్యి మీద అన్నాలు పొయ్యి మీదే ఉన్నాయి. మా పక్కింటి బావ ఒక చంకలో మనవరాలిని, ఇంకో చంకలో తిరగలి రాయిని పెట్టుకుని పరిగెత్తాడు. తిరగలి ఎందుకు తీసుకున్నాడో ఆయనకు ఇప్పటికీ తెలియదు.

సుబేదారు గారు జీపులో మా వెనకే వచ్చారు. "ఆగండి బాబూ! ఉప్పెన లేదు! ప్రాక్టీసండీ, ప్రాక్టీసు!"

"ప్రాక్టీసు ఉప్పెనేంటయ్యా?" అని బావ ఆయాసపడుతూ అరిచాడు. "ఒరిజినలు చాల్లేదా మాకు?"

ఆయన జీపు దిగి, దారికి అడ్డంగా నిలబడి, నవ్వకుండా అన్నారు. "ఇప్పుడు ఎలా పరిగెత్తారో చూశాను. సముద్రం వైపు నుంచి వచ్చే కాలువ గట్టు మీద పరిగెత్తారు. ముందు తెగేది ఆ గట్టే. నిజంగా నీళ్ళొస్తే మీలో ఒక్కరూ మిగలరు. అందుకండీ ప్రాక్టీసు."

వెనక్కి తిరిగి ఆయన వెంట నడిచాం.

ఆయనకు కొన్ని అలవాట్లు ఉండేవి. ఎవరి ఇంటికి వచ్చినా ముందు కప్పు వంక చూసేవారు. కూర్చోమన్నా కూర్చోకుండా, "ఎక్కడానికి ఏముంది?" అని అడిగేవారు. మా ఆవిడ మజ్జిగ ఇస్తే నిలబడే తాగి, గ్లాసు బోర్లించి పెట్టేవారు. మాట్లాడుతున్నంతసేపూ చేతిలో చిన్న తాడు ముక్క, దాన్ని ముడి వేస్తూ విప్పుతూ ఉండేవారు. ఈత రాదని ఆయనే చెప్పారు. ఇన్నేళ్ళు మిలట్రీలో పడవల మీద పనిచేసినవాడికి ఈత రాదా అని బావ నవ్వితే, "అందుకే ఇన్నేళ్ళు బతికానండీ. నీళ్ళంటే నాకు చచ్చేంత భయం. భయపడ్డవాడు ముందు కదులుతాడు" అన్నారు. మా ఊరి శవాలను ఎత్తి వెళ్ళాక బందరులో ఇంట్లో పడుకున్నా ఆయనకు కెరటాలు వినిపించేవట. వాళ్ళ వీధికి సముద్రం వినపడేంత దగ్గర కాదు.

ప్రాక్టీసు మొదటిరోజు చేత్తో తిప్పే సైరను మోగించారు. అది గేదె చావు కేకలా ఉంటుంది. ఆ చప్పుడుకే ఇద్దరు ముసలమ్మలు పడిపోయారు. అందరినీ బడి మేడ దగ్గరకు చేర్చారు. లావుపాటి తాడు ఒకటి కాలువకు అడ్డంగా కట్టి, పట్టుకుని ఎలా దాటాలో చూపించారు. ఆ తర్వాత మగవాళ్ళందరినీ వెళ్ళి తాటి తోపులోనూ, చేల గట్ల చాటునా దాక్కోమన్నారు. కొట్టుకుపోయినవాళ్ళం మేమన్నమాట. గట్టు మీద నిలబడి ఆడవాళ్ళు మమ్మల్ని పిలవాలి. ఎవరిని పిలిస్తే వాళ్ళే లేవాలి.

"ఏవండోయ్!" అని మొదట బావ పెళ్ళాం పిలిచింది.

తోపంతా లేచి నిలబడింది. గట్టు మీద ఒకటే నవ్వులు. బావ తల గోక్కుంటూ, "ఇందరు మొగుళ్ళున్నారని నాకు చెప్పలేదేమే!" అని అరిచాడు. సుబేదారు గారు ఒక్కరే నవ్వలేదు.

"చూశారా అమ్మా? ఇదే అవుతుంది. పేరు పెట్టి పిలవండి."

నవ్వులు ఆగిపోయాయి. ఆడవాళ్ళంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మొగుడి పేరు పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మమ్మల నాటి నుంచీ భయం. ఉప్పెనలో సగం ఊరు పోయాక ఆ భయం పోలేదు, పెరిగింది. ఉన్న మొగుణ్ణి కూడా పోగొట్టుకోవాలని ఎవరికుంటుంది?

నేను చేలోంచి లేచి వచ్చాను. "మా ఆడవాళ్ళ నోట మా పేర్లేమిటండీ? సిగ్గూ శరం లేదా?"

"సముద్రానికి వరసలు తెలియవు సాంబయ్య గారూ."

"మీ ఆవిడ పిలుస్తుందా మిమ్మల్ని పేరు పెట్టి?"

ఆయన చేతిలో తాడు ముక్క ఆగింది. అబద్ధం ఆడొచ్చు. ఆడలేదు. "పిలవదండీ" అన్నారు.

"మరింకేం?" అని తుండు దులుపుకుని ఇంటికి వచ్చేశాను. నా వెనకే ఊరూ వచ్చేసింది. ప్రాక్టీసు అక్కడితో చెడింది.

లారీలు వెళ్ళిపోయాయి. సైరనూ, తాడూ మా బడిలో ఉంచి వెళ్ళారు. అంతటితో పీడా పోయిందనుకున్నాను. ఆ మరుసటి వారం బందరు బస్సులోంచి సుబేదారు గారు దిగారు. ఒంటి మీద మిలట్రీ బట్టలు లేవు, తెల్ల పైజామా. అప్పటికి రిటైరు అయ్యారు. వెనక నల్ల బురఖాలో ఒక ఆవిడ దిగింది. పెడన ఆడపడుచు, ఆయన భార్య.

ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. కాలువ దాటి, అవతల చేలో కూర్చున్నారు. ఆవిడ గట్టు మీద నిలబడింది. ఊరు ఒక్కొక్కరే పోగయ్యింది. ఆవిడ మొహం మీద ముసుగు ఎత్తలేదు గానీ, లోపల వణుకుతున్నట్టు బట్ట అంతా కదులుతోంది. రెండుసార్లు గొంతు సవరించుకుంది. మూడోసారి ఆయన్ను పేరు పెట్టి పిలిచింది. అంత పెద్ద గొంతు ఆ మనిషిలో ఉంటుందని ఎవరూ అనుకోరు. పిలిచి, అక్కడే చతికిలపడి, తన భాషలో దేవుణ్ణి తలుచుకుంటూ ఏడ్చింది.

"ఉన్నా!" అని ఆయన అవతల నుంచి లేచారు.

ఆయన పేరు నాకు అలా తెలిసింది. ఇక్కడ రాయను. అది పిలవడానికి ఆవిడ ఎంత భయపడిందో చూశాను కాబట్టి, అది ఆవిడదే.

అప్పుడు మా వదిన జనంలోంచి ముందుకు వచ్చింది. ఎవరూ ఆవిణ్ణి పిలవలేదు. విధవరాలు, ప్రాక్టీసులో ఆవిడ పనేమిటి? గట్టు చివర నిలబడి, మడ అడవి వైపు తిరిగి, "లక్ష్మయ్యా!" అంది.

ఎవరూ పలకలేదు. మళ్ళీ పిలిచింది. పిలిచి, పలుకు వినడానికి ఆగినట్టు తల పక్కకు వాల్చి ఆగింది. ఎవరైనా పలుకుతారేమోనని భయం వేసింది నాకు. పట్టపగలు, ఎండలో.

నేను సుబేదారు గారి దగ్గరకు వెళ్ళి అన్నాను. "మా వదిన పిలవకపోవడం వల్లే మా అన్న పోయాడని ఊరందరి ముందూ చెప్పించావు. నా గడప తొక్కకు."

ఆయన తల వంచుకుని విన్నారు. "అది ఆవిడ తప్పు కాదండీ. ఆవిడకు ఎవరూ నేర్పలేదు. నేర్పాల్సినవాళ్ళలో నేనూ ఉన్నాను" అన్నారు. ఆ మాటకు నా కోపం తగ్గలేదు. ఇంటికి వచ్చాక మా వదిన మాత్రం చాన్నాళ్ళకు కంచం ముందు కూర్చుంది. "పిలిచాను సాంబయ్యా. ఇంక ఆయన ఇష్టం" అంది. అది మంచికో చెడుకో నేను ఇప్పటికీ చెప్పలేను.

ఆ తర్వాత నెలకోసారి ఆయన సొంతంగా బస్సెక్కి వచ్చేవారు. సైరను తిప్పడం, తాడు కట్టడం, ఆడవాళ్ళు పిలవడం. "గొంతు కూడా తాడేనమ్మా, విసిరితేనే పనికొస్తుంది" అనేవారు. మెల్లగా ఒకరి తర్వాత ఒకరు పిలవడం నేర్చుకున్నారు. మా ఆవిణ్ణి మాత్రం నేను పంపలేదు. ఆయనా నా గడప తొక్కలేదు. మా ఇంటి ముందు నుంచి వెళ్తూ కప్పు వంక ఒక చూపు చూసి పోయేవారు.

పోయిన వేసవిలో మళ్ళీ తుపాను వచ్చింది. రేడియోలో చెప్పినప్పటి నుంచీ మా ఊళ్ళో ఎవరూ అన్నం సరిగా తినలేదు. ఆకాశం పండుటాకు రంగులోకి తిరిగింది. ఉప్పెన నాడూ అదే రంగు. మిలట్రీ లారీలు ఈసారి ముందే వచ్చాయి. సుబేదారు గారు కూడా బస్సు దొరికినంత దూరం బస్సులో, తర్వాత నడిచి వచ్చారు. సైరను మోగింది. అందరూ ప్రాక్టీసులో లాగానే కదిలారు, కాలువ గట్టు ఎక్కకుండా చేల మధ్య బాట పట్టారు. తిరగలి ఎవరూ పట్టుకెళ్ళలేదు.

నేను వెనకపడ్డాను. గేదెల పలుపులు విప్పలేదని గుర్తొచ్చింది. పోయినసారి కట్టేసిన గేదెలు రాటల దగ్గరే మునిగిపోయిన తీరు నా కళ్ళలోంచి పోలేదు. విప్పి తిరిగి వచ్చేసరికి వాన గోడలా నిలబడింది. చెయ్యి చాచితే చెయ్యి కనపడలేదు. బాట తప్పి కాలువ గట్టు మీదికి వచ్చానని కాలి కింద మట్టి జారాకే తెలిసింది. తూము దగ్గర ఇనప కమ్మీ దొరికింది. దాన్ని కావలించుకున్నాను. నీళ్ళు మెడ దాకా వచ్చాయి. ఉప్పగా ఉన్నాయా అని నాలుకతో చూశాను. సముద్రమే వచ్చిందన్న ఆ ఒక్క భయం చాలు మనిషిని చంపడానికి. ఉప్పగా లేవు.

ఎక్కడి నుంచో ఆడగొంతులు వినిపిస్తున్నాయి. ఎవరివో పేర్లు. ఎవరిదో పేరు, ఎవరో పలకడం. తర్వాత లారీ ఇంజను చప్పుడు. మా ఆవిడ పిలవదు. నేనే వద్దన్నాను. పిలిచినా "ఏవండీ" అంటుంది. ఆ హోరులో అది ఎవరి మొగుడికి వినపడుతుంది? నా చేతులు కమ్మీ మీద జారుతున్నాయి. మా అన్న ఆ కొమ్మ మీద కూర్చుని ఏం విన్నాడో అప్పుడు నాకు తెలిసింది. "ఏవండీ" అని విని ఉంటాడు. ఇది నన్ను కాదులే అనుకుని ఉంటాడు.

"సాంబయ్యా! ఓ సాంబయ్యా!"

మా వదిన నన్ను పేరు పెట్టే పిలుస్తుంది, ఆ గొంతు నాకు తెలుసు. ఇది అది కాదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ గొంతులో నా పేరు ఎప్పుడూ వినలేదు. వెర్రిగా అరిచాను. "ఉన్నా! ఉన్నానే! తూము దగ్గర!"

తాడు నడుముకు కట్టుకుని ఇద్దరు జవాన్లు వచ్చారు. తాడు రెండో కొస లారీకి కట్టి ఉంది. దాన్ని వదులుతూ లాగుతూ నిలబడింది సుబేదారు గారు. నన్ను లారీలో పడేశాక, మా ఆవిడ నన్ను చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, పలికిన పేరును వెనక్కి తోసేస్తున్నట్టు.

"గొంతు బాగుంది చెల్లెమ్మా" అన్నారు సుబేదారు గారు. తర్వాత నా వైపు తిరిగి, చలికి ఆయన పళ్ళూ కొట్టుకుంటుంటే, "ఇప్పుడు చెప్పండి. మీ గడప తొక్కొచ్చా?" అన్నారు.

"ముందు ఇల్లుంటేగా" అన్నాను.

ఇల్లు ఉంది. ఆయన వచ్చి, కప్పు వంక చూసి, మొదటిసారి నులక మంచం మీద కూర్చుని మజ్జిగ తాగారు. నేను దండం పెట్టలేదు, ఆయన ఆశించలేదు. మా అన్న సంగతి మా ఇద్దరి మధ్యా అలాగే ఉంది. మా ఆవిడ తనకు ఈ పిలుపు ఎప్పుడు అబ్బిందో చెప్పింది. నేను చేలో ఉన్నప్పుడు మా వదినతో కలిసి పెరట్లో చెయ్యి అడ్డం పెట్టుకుని మెల్లగా పలికి చూసుకునేదట.

కండక్టరు చెప్పిన రోజు అదే బస్సు తిరుగు ప్రయాణంలో ఎక్కి బందరు వెళ్ళాను. చేరేసరికి మట్టి ఇచ్చేశారు. గుప్పెడు మట్టి నేనూ వేశాను. వాళ్ళ ఇంటి వసారాలో కూర్చోబెట్టారు. తెర వెనక నుంచి ఆవిడ మాట్లాడింది.

"నొప్పి వచ్చినప్పుడు నేను వంటింట్లో ఉన్నానన్నా. చప్పుడైతే పరిగెత్తుకొచ్చా. పేరు పెట్టి పిలిచా. చాలాసార్లు పిలిచా. పలకలేదు."

"మీరు పిలిచారమ్మా. ఇంక ఆయన ఇష్టం" అన్నాను. మా వదిన మాట అది, నా నోట్లోంచి వచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి. ఆయన పోయిన వారానికి ఒక ఆఫీసు నుంచి మనుషులు వచ్చి బడిలోని సైరనూ, తాడూ తీసుకెళ్ళారు. నడిపే మనిషి లేడు కాబట్టి సామాను స్టోరులో ఉండాలట. ప్రాక్టీసు చేయించడానికి ఇంకొకరిని పంపుతారా అంటే, "చూస్తాం పెద్దాయనా, మీరెందుకు కంగారు పడతారు?" అన్నారు. ఎందుకా? కార్తీకం వస్తోంది. ఉప్పెన వచ్చింది నాగుల చవితి వెళ్ళిన కొద్ది రోజులకే. సాయంత్రమైతే మా ఊళ్ళో మాటలు తగ్గిపోతున్నాయి. గాలి తిరిగితే చాలు, ముసలమ్మలు లేచి కూర్చుంటున్నారు. మా ఆవిడ మూట కట్టి గుమ్మం పక్కన పెట్టింది. విప్పమన్నా విప్పడం లేదు. నాకూ భయంగానే ఉంది. భయపడ్డవాడు ముందు కదులుతాడని చెప్పినవాడు లేడు.

సామాను తీసుకెళ్ళినవాళ్ళకూ, వాళ్ళ పైవాళ్ళకూ, మిలట్రీ వాళ్ళకూ ఇది చదివి వినిపించండి. మా తాడు, మా సైరను, వాటిని నడిపించే ఒక మనిషి, ఈ మూడూ మాకు ఎప్పుడు పంపుతారు? నాగుల చవితి నాటికి జవాబు కావాలి. ఆ రోజు పుట్టలో పాలు పోసి వచ్చాక మా ఆడవాళ్ళంతా కాలువ దగ్గర నిలబడి పిలుస్తారు. అందరి మొగుళ్ళూ పలికాక, చివర మా వదిన మడ అడవి వైపు తిరిగి ఒక పేరు పిలుస్తుంది. పిలిచి, తల పక్కకు వాల్చి ఆగుతుంది. ఆవిడ ఆగిన ఆ కాసేపట్లో ఊరంతా ఊపిరి బిగబట్టి గాలిని వింటుంది.

ఆ లోపల మీరు పలకండి.